బావ కారు, నా వాంగ్మూలం

పోయిన శుక్రవారం చిలకలూరిపేటలో మా పాత విద్యార్థి ఒకడి కూతురి పెళ్ళికి వెళ్ళాను. భోజనమయ్యాక కిళ్ళీ నములుతూ కల్యాణ మండపం బయటికి వస్తే, పెళ్ళికొడుకు దిగిన కారు ఎండలో నిలబడి ఉంది. నల్లగా, పొడుగ్గా, నేలకి జానెడెత్తున ఉన్న కారు. బానెట్ మీది బంతిపూల దండలు అప్పటికే వడిలిపోయాయి. డ్రైవరు ఒక్కో దండా ఊడదీసి, టేపు అంటుకున్న చోట తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఎవరి కారు బాబూ అని అడిగాను. పెళ్ళికొడుకు మేనమామదండి, కొని మూణ్ణెల్లు కూడా కాలేదు అన్నాడు. ఇన్సూరెన్సు ఉందా అనే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పెళ్ళికి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న కాదు. అతను నన్ను ఎగాదిగా చూసి, ఉందండి, ఏం అన్నాడు. ఏమీ లేదని చెప్పి ఆటో ఎక్కాను. ఇంటికి చేరేదాకా మా బావ గుర్తుకొస్తూనే ఉన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, హైవే మీది నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ళ ఊరు. పన్నెండెకరాల నల్లరేగడి, సగం మిరప, సగం పత్తి. నేను ప్రభుత్వ బడుల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టార్ని. నా డబ్బు నెలనెలా కొలిచినట్టు వచ్చేది. ఆయనది రెండేళ్ళు రాక, మూడో ఏడు ఒక్కసారిగా మీదపడేది. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, మాస్టారూ అనేవాడు. అందులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో ముప్పై ఏళ్ళయినా నేను తేల్చుకోలేకపోయాను. మా అమ్మ ఆపరేషన్‌కి ఆయనే కట్టాడు. మావాడి ఇంజనీరింగ్ సీటుకి ఆయనే సర్దాడు. తిరిగి అడగలేదు సరికదా, ఆ ప్రస్తావన కూడా తెచ్చేవాడు కాదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అడగనివాడి ముందు మనిషి ఎప్పుడూ కొంచెం కుంచించుకునే కూర్చుంటాడు, నేనూ అలాగే కూర్చునేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఇందులోంచే పుట్టింది.

మిర్చి రేటు ఆకాశాన్నంటిన ఏడాది ఒకటి వచ్చింది. బావ కోల్డ్ స్టోరేజీలో దాచిన బస్తాలన్నీ సరిగ్గా ఆ వారంలోనే అమ్ముడుపోయాయి. నాలుగోరోజు నాకు ఫోన్ చేసి, బెజవాడ పోదాం రా, ఇంగ్లీషు చదివేవాడు పక్కన ఉండాలి అన్నాడు. షోరూములో ఏసీ చలికి నేను కండువా కప్పుకుని కూర్చున్నాను. ఆయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎద్దుని చూసినట్టు టైర్లు తట్టి చూశాడు. కారు ధర చెప్తే ఆయనకి చెమట పట్టలేదు. ఆ తర్వాత కారు చూపిస్తున్న షోరూము అమ్మాయి ఇంకో కాగితం తీసింది. లైఫ్ టాక్సు ఒక ట్రాక్టరు ఖరీదు. మొదటి ఏడాది ఇన్సూరెన్సు రెండు లక్షల పైచిలుకు. ఇంజనుకి వేరే, టైర్లకి వేరే, తాళం చెవి పోతే దానికి వేరే. ఇదంతా కారుతో పాటు రాదా అని బావ అడిగాడు. రాదండి, ఏడాదేడాది కట్టాలండి అంది ఆ అమ్మాయి. కాయల్లో తాలు ఏరినట్టు వీటిలో అక్కర్లేనివి ఏరెయ్యమ్మా అన్నాడు. ఆ పిల్లకి తాలు అంటే ఏమిటో తెలియదు. ఎండలో రంగుపోయిన మిరపకాయలని నేను వివరించాను. చివరికి తాళం చెవిది ఒక్కటి ఏరేసి, మిగతావన్నీ తీసుకున్నాడు. సగం డబ్బు కట్టి, సగానికి బ్యాంకు లోను పెట్టాడు. పాలసీ కాగితాలు నా ఒళ్ళో పెట్టి, చదివి జాగ్రత్తగా ఉంచు మాస్టారూ అన్నాడు. నేను చదవలేదు. అక్షరాలు మరీ చిన్నవి.

కారు ఊళ్ళోకి వచ్చాక దాని ఖర్చు ఏమిటో ఒక్కొక్కటిగా తెలిసింది. ఊరి రోడ్డు మీద స్పీడు బ్రేకరు ఒకటి ఉండేది. అది దాటేటప్పుడల్లా కింద గర్రుమని చప్పుడొచ్చి బావ పళ్ళు కొరుక్కునేవాడు. ఆఖరికి పంచాయతీని బతిమాలి సొంత డబ్బుతో దాన్ని చెక్కించాడు. కారు పెట్టడానికి పత్తి షెడ్డు ఖాళీ చేశారు. దాంతో ఆ ఏడు పత్తంతా అక్క వంటింటి వసారాలోకి చేరింది. అన్నం కలుపుకుంటే ముద్దలో దూది వచ్చేది. మార్చిలో ఊరి రోడ్డు పొడుగునా మిరపకాయలు ఆరబోస్తారు, ఒక పక్కగా నెమ్మదిగా పోవాలి. ఏసీలోంచి ఆ కారం లోపలికి వచ్చి, అరవై లక్షల కార్లో నలుగురం కళ్ళనీళ్ళు పెట్టుకుని తుమ్ముతూ వెళ్ళేవాళ్ళం. మొదటి సర్వీసు బిల్లు చూసి బావ, మన డాక్టరు కూడా ఇంత తీసుకోడే అన్నాడు. అయినా సాయంత్రాలు షెడ్డు తలుపు తీసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నడిపేది తక్కువ, చూసుకునేది ఎక్కువ.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఒకడికి మంచి కారు ఉందంటే, ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకులందరికీ ఆ కారు ఉన్నట్టే. అడిగితే కాదనకూడదు. కాదంటే మనిషి పొగరు గురించి ఏడాదిపాటు చెప్పుకుంటారు. కారు తీసుకునేవాళ్ళు కూడా ఊరికే తీసుకోరు. కారు ముందు కొబ్బరికాయ కొట్టి, యజమాని చేతికి పళ్ళెంలో అరటిపళ్ళు, వక్కా ఆకులు, పంచెల చాపు, పెట్రోలుకని ఒక కవరు పెట్టి ఇస్తారు. యజమాని పళ్ళెం అందుకుని, కవరు మాత్రం వెనక్కి ఇచ్చేస్తాడు. ఇవ్వడం మర్యాద, తీసుకోకపోవడం మర్యాద. ఏడాదిన్నరలో బావ కారు పద్నాలుగు పెళ్ళిళ్ళు చేసింది.

పదిహేనోది మావాడి పెళ్ళి. ఒంగోల్లో ముహూర్తం. కారు కోసం నేనే పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. కవర్లో ఐదువేలు పెట్టాను. బావ పళ్ళెం తీసుకుని కవరు నా జేబులోకి తోశాడు. నేను తీసి మళ్ళీ ఇచ్చాను. ఏంటి మాస్టారూ, మేనల్లుడి పెళ్ళికి నాకు డబ్బులిస్తావా అన్నాడు. మిగతావాళ్ళ దగ్గరైతే నేను కూడా అక్కడితో ఆపేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం నాకు పట్టుదల పెరిగింది. ఒక్కసారైనా ఆయన దగ్గర ఊరికే తీసుకోకూడదనిపించింది. మూడోసారి కూడా వద్దన్నాడు. కారు తలుపు తీసి, ముందు సీటు మీద కవరు పడేసి వచ్చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బస్సులో ఇంటికి వస్తుంటే ఛాతీ ఒక అంగుళం పెరిగినట్టు అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పెళ్ళయిన మర్నాడు పొద్దున కొత్త దంపతుల్ని తీసుకుని కారు ఒంగోలు నుంచి బయలుదేరింది. మార్టూరు దాటాక ఒక ట్రాక్టరు చూడకుండా రోడ్డుకి అడ్డంగా వచ్చింది. డ్రైవరు దాన్ని తప్పించబోయి, పక్కన పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్ళు పోసిన పనికిరాని గ్రానైటు ముక్కల గుట్టలోకి పోనిచ్చాడు. కార్లోని గాలి సంచులు తెరుచుకుని పిల్లల్ని కాపాడాయి. కోడలి గాజులు రెండు చిట్లాయి, అంతే. కారు ముందు సగం మాత్రం నలిగిపోయింది. బావ వచ్చి ముందు పిల్లల్ని తడిమి చూసుకున్నాడు, ఆ తర్వాతే కారు వైపు తిరిగాడు. బాగుచెయ్యడానికి పద్దెనిమిది లక్షలవుతుందని కారు కంపెనీవాళ్ళు లెక్క చెప్పారు. ఇన్సూరెన్సు ఉంది గదా, వాళ్ళే ఇస్తార్లే అని అందరికీ ఆయనే ధైర్యం చెప్పాడు.

పదిరోజుల తర్వాత ఇన్సూరెన్సు తరఫున విచారణకని ఒకతను మా ఇంటికి వచ్చాడు. మా పిల్లల వయసువాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. కాఫీ తాగుతూ పెళ్ళి ముచ్చట్లు అడిగాడు. కారు మీ బావగారిదేనా అన్నాడు. అవునన్నాను. అంత ఖరీదైన కారు మీకు ఊరికే ఇచ్చారా అండి అన్నాడు. ఆ ఊరికే అన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది. "ఊరికే ఎందుకు తీసుకుంటామండీ? ఐదువేలు ఇచ్చాను" అన్నాను. అతను తలొంచుకుని రాసుకున్నాడు. మిగతా పెళ్ళిళ్ళవాళ్ళు కూడా ఇచ్చేవాళ్ళా అన్నాడు. అందరూ కవరు పెడతారండి, అది మా వైపు పద్ధతి అన్నాను. వెనక్కి ఇచ్చేస్తారన్న మాట చెప్పలేదు. బావ మూడుసార్లు వద్దన్నాడని చెప్పలేదు. చెప్పకూడదని కాదు. చెబితే నేనిచ్చిన ఐదువేలు చిన్నవైపోతాయని నాలో ఎక్కడో ఒక మూల అనిపించి ఉంటుంది. అతను రాసినది చదవమని ఇచ్చాడు. అలవాటు చొప్పున రెండు తప్పులు దిద్ది, కింద గుండ్రంగా సంతకం పెట్టాను.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. సొంతానికి వాడుకోవాల్సిన వాహనాన్ని డబ్బు తీసుకుని అద్దెకి తిప్పారు, అందుకు సాక్ష్యం ఉంది, కాబట్టి పైసా ఇవ్వం అని సారాంశం. ఆ ఉత్తరం నాచేతే చదివించాడు బావ. నేను ఉన్నదే చెప్పాను బావా అన్నాను. "ఉన్నదే చెప్పావులే మాస్టారూ, నువ్వు అబద్ధం ఎట్టా చెప్తావు?" అన్నాడు. అందులో వేళాకోళం లేదు. ఉంటే బాగుండుననుకున్నాను. ఆ ఏడు మిరపకి నల్ల తామర పురుగు పట్టింది, పూత మొత్తం రాలిపోయింది. షెడ్డులో కారు లేదు, బ్యాంకు వాయిదాలు మాత్రం ఉన్నాయి. కాలవ పక్కన రెండెకరాలు అమ్మి కారు బాగుచేయించి, వచ్చిన ధరకి దాన్నీ అమ్మేశాడు. ఆ రెండెకరాలూ వాళ్ళ నాన్న ఇచ్చినవి కావు, ఆయనా అక్కా కౌలు చేసి, కూడబెట్టి మొదటిసారి కొనుక్కున్నవి. రిజిస్ట్రేషన్ రోజు సాక్షి సంతకానికి నన్నే పిలిచాడు. వెళ్ళి పెట్టాను.

ప్రమాదం జరిగి రెండేళ్ళు కావస్తుండగా, ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చి చింతకాయ పచ్చడి జాడీ దించుతూ మాటల్లో అసలు సంగతి చెప్పింది. ఉత్తరం వచ్చిన కొత్తల్లో బావ గుంటూరులో ఒక లాయరుని కలిశాడట. కేసు గట్టిదేనని, పాలసీలో రాసిన గడువు ప్రకారం ఏడాదిలోపు ఫిర్యాదు పెడితే డబ్బు వచ్చే అవకాశం ఉందని ఆయన అన్నాడట. కావలసింది ఒక్కటే. అది అద్దె కాదు, పెళ్ళి మర్యాదకి ఇచ్చింది, కారు యజమాని వద్దన్నా నేనే బలవంతాన పెట్టాను అని నేను ఒక కాగితం రాసి ఇవ్వాలి. లాయరు ఆ కాగితం టైపు చేయించి ఇచ్చాడు కూడా. నెలల తరబడి తటపటాయించి, చివరికి దాన్ని జేబులో పెట్టుకుని బావ ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. గంటసేపు కూర్చున్నాడు. పురుగు మందుల గురించి మాట్లాడాడు, మా కోడలికి ఎన్నో నెల అని అడిగాడు, రెండోసారి కాఫీ కావాలన్నాడు. ఏదో చెప్పబోయి, సరే వస్తా మాస్టారూ అని లేచాడు. నేను గేటు దాకా వెళ్ళి సాగనంపాను. అడక్కుండా ఎందుకొచ్చావని ఇంటికెళ్ళాక అక్క కోప్పడిందట.

"ఏమన్నాడో తెలుసా?" అంది అక్క. "చదివి సంతకం పెట్టిన మాట మార్చుకోమని మాస్టార్ని ఎట్టా అడగనే, రేపు ఆయన నా మొహం చూడగలడా అన్నాడు."

అంటే ఆయన నా పరువు కాపాడటానికి అడక్కుండా వెళ్ళిపోయాడు. నేను మాట మార్చాల్సిన అవసరమే లేదు, మిగిలిన సగం చెబితే చాలు. నేను సగమే చెప్పానని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే కూర్చుని, ఎవరూ అడక్కుండానే, మొత్తం రాశాను. కవరు, జేబు, సీటు, మూడుసార్లు, అన్నీ. ఎందుకు చెప్పలేదో కూడా దాచకుండా రాశాను. నాలుగు పేజీలైంది. బస్సెక్కి వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తెప్పించుకుని, వేలు కింద పెట్టుకుంటూ చివరిదాకా చదివాడు.

"బాగా రాశావు మాస్టారూ" అన్నాడు ఆఖరికి. "గడువు దాటి ఎనిమిది నెలలైంది."

ఆ మాటలో కూడా నిష్ఠూరం లేదు. అక్కని పిలిచి నాకు అన్నం పెట్టమన్నాడు. తిన్నాను. ఆయన ముందు నేను ఎప్పుడూ కుంచించుకుపోయే తీరు ఆ రోజు వేరేగా ఉంది, దానికి ఐదువేలూ పదివేలూ ఏదీ సరిపోదు. ఆ ఆదివారం ఆయన మా వసారాలో కూర్చున్న గంటలో, ఏంటి బావా ఏదో చెప్పబోతున్నావు అని నేను ఒక్కసారి అడిగి ఉంటే చాలు, అప్పటికి గడువు ఇంకా పదకొండు రోజులుందట.