పెంటప్ప అనని మాట

నీలం నగర్‌లో సామల పూనం అంటే తెలియని ఇల్లు లేదు. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే అమ్మాయి. అమ్మాయి అనడమే గానీ ముప్పై ఆరేళ్ళు నిండాయి. తల్లి ద్రౌపది బీడీలు చుడుతుంది. తండ్రి చనిపోయిన ఏడాదే, పదో తరగతి కాగానే, పూనం కొంతం చౌక్ దగ్గర వినాయక్ స్టూడియోలో పనికి చేరింది. మొదట్లో ఆల్బమ్‌లకు ఫోటోలు అంటించేది. తర్వాత ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో నేర్పింది వినాయకే. అన్నదమ్ములు లేని పూనం అతన్ని దాదా అని పిలిచేది. ప్రతి రాఖీ పున్నమికీ అతని చేతికి రాఖీ కట్టేది. పని తెచ్చే ప్రతి పార్టీకీ వినాయక్, "స్టూడియో నాది, పని నా చెల్లెది" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం పూనం ఆదివారాలు కూడా పనికి వెళ్ళేది.

నిరుడు ఎండాకాలంలో వాడకట్టు కమిటీ పెద్ద సిద్ధరాములు స్టూడియోకి వచ్చాడు.

"మన తాతలు పాలమూరు దిక్కుకెంచి నడుసుకుంట వచ్చిండ్రు. గా ముచ్చట పోరగాండ్లకు తెల్వాలె గద. ఇండ్లల్ల ఏమేం క్యాసెట్లున్నయో అన్ని తీసి ఒక్క పిక్చర్ చెయ్యుండ్రి. రాఖీ పున్నమికి ఎల్లే మార్కండేయ రథానికి ముందురోజు సమాజం హాల్ల చూపెడదాం."

పని పూనం మీద పడింది. సంతోషంగానే పడింది. పదహారు ఇళ్ళ నుంచి అటకల మీదివన్నీ దిగి వచ్చాయి. బూజు పట్టిన పెద్ద వీడియో క్యాసెట్లు, అగ్గిపెట్టెంత చిన్న క్యాసెట్లు, గీతలు పడ్డ సీడీలు, చేతి ఫోన్లలో తీసిన ముక్కలు. పాత క్యాసెట్ల బొమ్మ చదరంగా ఉండేది, కొత్తవాటిది వెడల్పు, ఫోన్లది నిలువు. క్యాసెట్లలో సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు, అంటే ఇరవై ఐదు బొమ్మలు. ఫోనులో ఓసారి ముప్పై, వెలుతురు తగ్గితే ఇంకా తక్కువ. అన్నీ తెచ్చి కంప్యూటర్‌లో ఒకే టైమ్‌లైన్ మీద వరసగా వేస్తే, మూడు నిమిషాలు గడిచేసరికి మనిషి పెదవులు మూసుకున్నాక మాట వినపడేది.

వారం రోజులు తల పట్టుకుని చివరకు ఒక దారి పెట్టుకుంది. సినిమా మొత్తం ఇరవై ఐదు ఫ్రేముల లెక్కన నడవాలి. ఫోను క్లిప్పులను ముందు విడివిడిగా ఆ లెక్కలోకి మార్చి, మాట పెదవులకు సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడే టైమ్‌లైన్‌లోకి తేవాలి. పాత క్యాసెట్లలో మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలా వచ్చే గీతలు తీసేయాలి. చదరం బొమ్మను చదరంగానే ఉంచాలి. ఈ చివరిది వినాయక్‌కి నచ్చలేదు.

"ఇటో నల్ల పట్టీ, అటో నల్ల పట్టీ, గదేంది? లాగి పర్దా నింపు."

"లాగితే మనుషులు లావైతరు దాదా. వీళ్ళల్ల సగం మంది లేరు ఇప్పుడు. లేనోళ్ళను గట్ల చూపెట్టద్దు."

వినాయక్ నవ్వి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఒకరోజు మధ్యాహ్నం పెంటప్ప మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఇరవై రెండేళ్ళు వెంకటేశ్ శేఠ్ కార్ఖానాలో పవర్‌లూమ్ మీద చద్దర్లు నేశాడు. తువ్వాలు మడతలోంచి ఒక చిన్న క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"బిడ్డా, దీంట్ల నా చెయ్యి ఉన్నది."

పూనంకు వెంటనే అర్థం కాలేదు. అతని కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. అవి మగ్గంలో పోకముందు, కొడుకు స్నేహితుడెవరో కొత్త కెమెరా కొనుక్కుని సరదాగా షెడ్డులోకి వచ్చి తీసిన క్యాసెట్ అది. తిప్పి చూసే మిషను ఎవరి దగ్గరా లేక పెంటప్ప దాన్ని పదహారేళ్ళుగా చూడనే లేదు. పూనం క్యాసెట్ ఎక్కించింది. తెర మీద ఒక నడివయసు మనిషి తెగిన పోగును అందుకుని, చిటికెలో ముడి వేసి, మళ్ళీ మగ్గం తిప్పాడు. పది వేళ్ళూ ఉన్నాయి. పెంటప్ప కుడిచేతిని తువ్వాలు కింద పెట్టుకుని చూశాడు.

"ఇంకోపారి పెట్టు బిడ్డా" అన్నాడు. నాలుగుసార్లు పెట్టించుకున్నాడు.

మర్నాడు పూనం అతని ఇంటికి వెళ్ళి తన ఫోనులోనే అతని మాటలు వీడియో తీసుకుంది. పెంటప్ప గడప మీద కూర్చుని నింపాదిగా చెప్పాడు. "వెంకటేశ్ శేఠ్ మాకు దేవుడు అనుకున్న. ఇరవై రెండేండ్లు ఆయన కార్ఖానల నేసిన. చెయ్యి పోయినంక గేటు లోపటికి గూడ రానియ్యలే." ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూడా పూనం కోయకుండా సినిమాలో ఉంచింది.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు ద్రౌపదికి జ్వరం వచ్చింది. వినాయక్ తనంతట తానే అన్నాడు. "అగ పూనం, పిక్చర్ చూపెట్టేదాంక ఇంట్లనే ఉండు. అమ్మను చూస్కో. పిక్చర్ ఎక్స్‌పోర్ట్ జేసి హాలుకు తెచ్చుడు నేను చూస్కుంట." పూనం కళ్ళు చెమర్చాయి. ఇంటికి వెళ్ళి తల్లికి గంజి తాగిస్తూ, "దాదా అసొంటోడు ఎవరికి దొరుకుతడే అమ్మా" అంది.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో సోఫా వేసి వెంకటేశ్ శేఠ్‌ను కూర్చోబెట్టారు. సినిమా మొదలైంది. తమ అవ్వలను, నాన్నలను తెర మీద గుర్తుపట్టి ఆడవాళ్ళు పేర్లు పెట్టి అరిచారు. పూనం వెనక గోడకు ఆనుకుని నిలబడి తెరను వదిలేసి జనాల ముఖాలు చూస్తోంది. అంతలో పెంటప్ప గొంతు వినపడింది.

"వెంకటేశ్ శేఠ్ మాకు దేవుడు. ఇరవై రెండేండ్లు ఆయన కార్ఖానల నేసిన."

అంతే. ఆ వెంటనే సంగీతం, పూలదండతో శేఠ్ ఫోటో, చప్పట్లు.

ఏదో క్లిప్పు పాడైందని, తప్పు తనదేననీ అనుకుంది పూనం. మరుక్షణమే తెలిసింది. పాడైన క్లిప్పు ఇంత నున్నగా తెగదు. "అనుకున్న" అన్న ఒక్క మాట తీసేశారు. మాట తెగిన చోట పెంటప్ప ముఖం కనిపిస్తే పెదవులు పట్టిస్తాయి. అందుకే అక్కడ అతని పాత క్యాసెట్ వేశారు. పర్దా నిండా లాగిన బొమ్మలో ఆ పది వేళ్ళూ లావుగా, బండగా కదిలాయి. చెయ్యి పోయిన ముచ్చటే లేదు. ఇలా కోసి ఇలా కప్పడం వాడకట్టులో ఇద్దరికే వచ్చు. ఒకరు తను. ఇంకొకరు తనకు నేర్పినవాడు.

పెంటప్ప లేచాడు. బయటికి పోతూ గోడ దగ్గర ఆగాడు.

"నా చెయ్యి నమ్మి నీకిచ్చిన. నోరు గూడ తీస్కుంటివా?"

"తాతా, నేను కాదు..." అంది పూనం. ఆమె మాట చప్పట్లలో కలిసిపోయింది. అతను అప్పటికే గుమ్మం దాటాడు.

మర్నాడు రాఖీ పున్నమి. పొద్దున్నే స్టూడియోకి వెళితే, వినాయక్ కొత్త చొక్కా వేసుకుని మిఠాయి పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి చాచాడు. పూనం నిలబడే ఉంది.

"ఎందుకు జేసినవ్ దాదా?"

"శేఠ్ సమాజానికి కొత్త హాలు కట్టిస్తుండు. సిద్ధరాములు కాకానే అడిగిండు, జరా సంభాళించు అని. ఒక్క మాట గదా. రోజు పెండ్లిలల్ల కోస్తలేమా?"

"పెండ్లిల ఏడుపు కోస్తం. ఏడ్చినోళ్ళను నవ్వినట్టు చూపెడతమా?"

"నీకు చెప్తే ఒప్పుకోకపోదువు."

"గందుకేనా నన్ను ఇంటికి తోలినవ్? అమ్మకు బాగలేదని నీకు మస్తు ఫికర్ అనుకున్న."

వినాయక్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఫికర్ గూడ ఉండె" అన్నాడు మెల్లగా. అది నిజమే కావచ్చు. ఆ నిజమే పూనంను ఎక్కువగా కోసింది. పెంటప్ప క్యాసెట్ ఒక్కటీ అల్మారాలోంచి తీసుకుని మెట్లు దిగింది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

మాట కోయని సినిమా ఇంకోసారి హాల్లో వేయించమని పూనం సిద్ధరాములు కాళ్ళావేళ్ళా పడింది. "ఒక్క ముసలాయన మాటకు వాడకట్టంత నష్టపోవాల్నా?" అన్నాడాయన.

పెంటప్ప ఇంటికి వెళ్ళి క్యాసెట్ ఇచ్చింది. ఫోను తెరిచి అతని మాటలన్నీ, చివరి మౌనంతో సహా, వినిపించింది. పెంటప్ప చివరిదాకా విన్నాడు.

"గిది నాకెందుకు చూపెడుతున్నవ్? నేనేమన్ననో నాకెరుకే. గా హాల్ల చప్పట్లు కొట్టినోళ్ళకు చూపెట్టు."

పూనం ఇంటికి వచ్చి ఏడ్చింది. అంతా విన్న ద్రౌపది ఫోను లాక్కుని చీర కొంగులో కట్టుకుని, బీడీలు అప్పజెప్పే చోటికి వెళ్ళింది. అక్కడ వరసలో కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లోకి ఆ ఫోను ఒకరి నుంచి ఒకరికి వెళ్ళింది. తర్వాత కొన్ని రోజులు ఎవరెవరో తలుపు తట్టి, "పెంటప్ప తాత వీడియో ఉన్నదట గద, చూపియ్యి" అని అడిగారు. పూనం కాదనకుండా అందరికీ చూపించింది. కొందరు శేఠ్‌ను తిట్టుకున్నారు, కొందరు నిట్టూర్చి వెళ్ళారు. శేఠ్ చేతుల మీదుగా హాలుకు పునాది మాత్రం పడింది. వినాయక్ స్టూడియోకి కార్ఖానాల నుంచి వచ్చే వీడియో పనులు ఇంకా పెరిగాయి. పెంటప్ప ఎదురుపడితే తల ఊపుతాడు, ఆగడు.

పూనం ఇప్పుడు ఇంట్లోనే పని చేస్తోంది. పాత క్యాసెట్లు మార్చి ఇమ్మని పక్క వాడల నుంచి కూడా వస్తారు. ఇచ్చేవాళ్ళను పక్కనే కూర్చోబెట్టి, ఏది ఎక్కడ కోస్తుందో చెప్పి మరీ కోస్తుంది.

మొన్న కొంతం చౌక్‌లో ఆటో కోసం నిలబడి ఉండగా వినాయక్ ఎదురొచ్చాడు. ఏమీ జరగనట్టే పలకరించాడు. డ్రోన్‌తో తీసింది పెళ్ళి వీడియోలో కలిపితే అదురుతోందని, ఎంత చేసినా కుదరడం లేదని అన్నాడు.

"స్పీడ్ ముట్టకు. ముందు వేరుగ ఇరవై ఐదు ఫ్రేములకు మార్చుకొని అప్పుడు కలుపు దాదా" అంది పూనం.

ఆటో ఎక్కి కూర్చున్నాక గానీ తను మళ్ళీ దాదా అని పిలిచిందని ఆమెకు తెలియలేదు. నీలం నగర్ వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోపంతో ఏడుస్తూనే ఉంది.