ఫ్యాన్ దేశం, తలుపు దేశం

నిరుడు మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటూ, శనివారాలు దగ్గరి బడిలో ఏడో తరగతికి సోషల్ చెప్పేవాణ్ణి. శాంతి పాఠం రోజున గది మధ్య సుద్దతో గీత గీసి, పిల్లల్ని రెండు దేశాలు చేశాను. బోర్డు మీద నాలుగు నిబంధనలు రాశాను. మూడోది: రెండు దేశాల సంతకాలతో వీసా ఉంటేనే గీత దాటాలి.

ఒక దేశానికి ఫ్యాన్ దక్కింది, రెండోదానికి తలుపు. నా ఉద్యోగం తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ టెస్టింగే అయినా, ఒకవైపు బయటికి దారే లేదన్న సంగతి నేను చూసుకోలేదు. పది నిమిషాల్లో రెండు దేశాల మధ్య మాటలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే నాకు బాత్రూమ్ అవసరం పడింది. నేనున్నది ఫ్యాన్ దేశంలో.

తలుపు దేశం అధికారి లలిత చేతులు అడ్డం పెట్టింది. "వీసా ఉండాదా సార్? మా దేశంలో ఏం పని?"

"పని మీ దేశంలో కాదమ్మా, అవతల."

"ఏం పనో చెప్పాల."

చిటికెన వేలు చూపించాను. గది గొల్లుమంది.

"అర్జెంటు తల్లీ!"

"రూలు మీరే రాసిండారు కద సార్. ఇమ్రానూ, సంతకం పెట్టప్పా, సార్ ఎగరతా ఉండారు!"

ఫ్యాన్ దేశం నాయకుడు ఇమ్రాన్ కదల్లేదు. "సగం తలుపు మాకిస్తే పెడతా."

"అయితే సగం ఫ్యాన్ మాకు!"

నేను ఒంటికాలి మీద నిలబడి ఉండగా సంధి కుదిరింది. పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి గీత చెరిపేసి, అందరూ ఫ్యాన్ కింద ఒకే గుంపుగా కూర్చున్నారు. నేను అడుగు పెట్టబోతే లలిత, ఇమ్రాన్ ఒకే గొంతుతో అడిగారు: "వీసా సార్?"

మిగతా పాఠం గుమ్మం బయట నిలబడే చెప్పాను. ఇప్పుడు ఎక్కడ గీత గీసినా ముందు రెండు సరిచూసుకుంటాను: తలుపు ఎటుంది, నేను ఎటున్నాను.