ఖాలా విన్న నా బ్లాగు

నేను బ్లాగు రాస్తానని ఇంట్లో ఎవరికీ తెలియదు. అందులో నా పేరు లేదు, ఫొటో లేదు. చిన్నప్పటి నుంచి రాస్తున్న డైరీలోని ముక్కల్నే కొంచెం సరిచేసి పెడుతుంటాను. నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటామె గురించి రాసినప్పుడు కూడా భయం వేయలేదు. ఆమె తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. అమ్మకు ఫోన్ అంటే వంటల వీడియోలే.

పోయిన చలికాలం బ్లాగు నడిపే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొత్త సదుపాయాలట. పేజీకి కొత్త రంగులు, నచ్చిన పోస్టును పైన నిలిపే వీలు, ఇంకా ఏవో. నేను రంగుల దగ్గరే ఆగిపోయాను. మార్కెట్ యార్డులో పసుపు పంట దిగే నెలల్లో మా ఊళ్ళో తుమ్మినా పసుపే, అందుకని నీలం పెట్టుకుని మురిసిపోయాను. మిగతా మెయిల్ చదవలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మా ఖాలా ఒడిలో చాటలు పెట్టుకుని వరండాలో బీడీలు చుడుతున్నారు. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను.

"మోర్తాడ్ నుంచి మా బిడ్డ పంపింది అక్కా. ఆర్మూరు ముచ్చట్లంట. చదువుడు లేదు, గిది నొక్కితే అదే చెప్తదంట," అంటూ ఖాలా ఫోన్‌ను గోడకు ఆనించింది.

తలుపులోంచి నీలం పేజీ కనిపించింది. యంత్రపు ఆడగొంతు మొదలుపెట్టింది: "మా పక్కింటి ఖాలా తోడు కోసం గిన్నె పట్టుకుని వస్తుంది. ఆమె ముచ్చట్లు ముగిసేసరికి గిన్నెలో తోడు పులిసిపోతుంది."

ఖాలా చేతులు ఆగాయి. నా చేతిలో దుప్పటి కూడా ఆగింది. ఇంటి బయటివాళ్ళలో నేను నోరు విప్పి మాట్లాడేది ఆమెతోనే. రేపటి నుంచి రాకపోతే?

గొంతు తన పని తాను చేసుకుపోయింది. మోకాళ్ళ నొప్పికి ఆమె చెప్పే మందు, నాకు జ్వరం వచ్చినప్పుడు రోజంతా మంచం పక్కన కూర్చోవడం, అన్నీ చదివింది. అయిపోయాక ఖాలా తలుపు వైపు తిరిగి పిలిచింది.

"బిడ్డా, జర బయటికి రా."

వెళ్ళాను. తల ఎత్తలేదు.

"నువ్వే గదా రాసింది? జ్వరం ముచ్చట కాడనే ఎరుకైంది. గా దినం ఇంట్ల మనమిద్దరమే ఉంటిమి." ఖాలా అమ్మ వైపు తిరిగింది. "నీ బిడ్డకు నోట్ల నాలుక లేదనుకుంటిమి అక్కా. లోపల గింత ఉన్నది."

"నాకేం ఎరుక. అన్నం తిన్ననని కూడ నాతోని చెప్పదు," అంది అమ్మ.

"తీసేస్త ఖాలా," అన్నాను.

"తీసుడెందుకు? తోడు ముచ్చట నిజమే. కాని మోకాళ్ళకు నేను చెప్పింది ఆముదం, నువ్వేమో కొబ్బరినూనె అని రాసినవు. ఎవలన్న గది పూసుకుంటే నా ఇజ్జత్ పోతది. గది దిద్దు. ఇంకోటి, ఫోన్ల గీమె ఎవలు, బస్టాండ్ల బస్సుల పేర్లు చెప్పినట్టు చదువుతది? నువ్వే చదువు."

అప్పుడు మెయిల్ మొత్తం చదివాను. ఇకనుంచి పోస్టుల్ని యంత్రమే చదివి వినిపిస్తుందట, కావాలంటే రాసినవాళ్ళు తమ గొంతుతోనే చదివి పెట్టుకోవచ్చట. ఆముదం సరిచేసి, వరండాలోనే కూర్చున్నాను. మొదటిసారి రెండో వాక్యం దగ్గరే ఆపేశాను. రెండోసారి "గట్టిగ" అని ఖాలా అడ్డుపడింది. మూడోసారి చివరిదాకా చదివాను. మధ్యలో అమ్మ నవ్వు పడింది, దాన్ని తీయనివ్వలేదు ఇద్దరూ.

"నా పేరు ఎవ్వలికి చెప్పకు ఖాలా," అన్నాను.

"ఎవ్వలికి చెప్ప," అంది.

సాయంత్రం గోడ అవతల ఆమె కూతురితో ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. "రాసింది ఎవలో పిల్లంట, నాకేం ఎరుక. కాని అండ్ల ఉన్న ఖాలాను మాత్రం నేనే."