గోడ ఆరేదాకా

మా మేనత్త పోయిందని యెల్లారెడ్డి నుంచి వచ్చిన బండి మనిషి కామారెడ్డిలో నా దుకాణం ముందు ఆగి చెప్పాడు. పొద్దున పాలు కాచిందట, మధ్యాహ్నానికి లేదట. కామారెడ్డిలో నేను కట్టబోయే ఇంటికి మేస్త్రిని చూసిపెట్టడానికి ఆమె వచ్చే ఆదివారం రావాల్సి ఉంది. అదే బండిలో బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే గుబులు: ఇక నేను ఎవరిని అడగాలి?

ఆమె లేకపోతే మాకు ఇల్లే లేదు. ఆ సంగతి చెప్పాలి.

అప్పుడు నేను యెల్లారెడ్డిలోనే ఉండేవాణ్ని. పడమటి గోడ బీటలు వారితే ఒక మేస్త్రి గుత్తకు ఒప్పుకున్నాడు. పెంకులు దింపి, పాత గోడ కూల్చి, రోజుకో వరుస చొప్పున జల్దీగా మట్టి ఎక్కించాడు. తల ఎత్తు వచ్చేసరికి గోడంతా జారి కూలిపోయింది. ఆ మర్నాటి నుంచి మనిషి జాడ లేదు. మృగశిర కార్తె దగ్గర పడింది. నా భార్యకు ఎనిమిదో నెల. పైన కప్పు లేదు. నాకు అన్నం సయించేది కాదు.

అత్త కొంగు బిగించి చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. ఏ మేస్త్రినీ పలకరించలేదు. వాళ్లు కట్టిన ఇళ్లకు పోయి ఆడవాళ్ల పక్కన కూర్చునేది.

“వానకాలంల ఆ గోడ పక్కకు పిల్లలను పండవెడ్తవా బిడ్డా?” అని అడిగేది.

తడుముకోకుండా అవునన్న ఇంటి మేస్త్రినే పట్టుకొచ్చింది.

ఆయన మోకాలెత్తు వరుస పెట్టి చేతులు కడుక్కున్నాడు. “ఇది ఆరినంక వస్త. నడుమల కబురు పంపకుండ్రి,” అని వెళ్లిపోయాడు. ఐదు రోజులు చూసినా రాలేదు. మబ్బులు దిగుతున్నాయి.

“అత్తా, వీడు గూడ ముంచిండు. ఇంకొకన్ని తెస్త,” అన్నాను.

“ఆగుర బిడ్డా. గోడ ఇంక పచ్చిగుంది. ఇప్పుడే ఆయన వచ్చి ఇంకో వరుస పెడితెనే మనకు భయం.”

రోజూ పొద్దున ఆమె గోడకు బొటనవేలు ఒత్తి చూసేది. వేలు దిగబడితే తల అడ్డంగా ఊపేది. నాకు ఏడుపొచ్చేది. “నువ్వు పరేషానయితె మట్టి ఆరుతదార?” అనేది. వేలు దిగని రోజున, ఎవరూ పిలవకుండానే మేస్త్రి వచ్చాడు. ప్రతి వరుసకూ ఇట్లాగే సాగింది.

కప్పు పడ్డ వారంలోనే కొడుకు పుట్టాడు. ఆ వెంటే వాన. బాలింతనూ పసివాణ్నీ దూరంగా పడుకోబెట్టి, అత్త తన చాప మాత్రం గోడకు ఆనించి పరుచుకుంది.

“పడితె ముందుగాల నా మీద పడనీ,” అంది.

తెల్లారి చూస్తే గోడకు వీపు ఆనించి, పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నిన్న యెల్లారెడ్డిలో ఆ ఇంట్లోనే, అత్త కర్మకు వచ్చిన చుట్టాలకు చోటు చాలక ధాన్యం గుమ్మి జరిపాం. దాని వెనక పడమటి గోడకు పూత లేదు. మట్టిలో ఆమె బొటనవేలి గుర్తులు ఉన్నాయి. మొదటిది లోతుగా, పక్కది కొంచెం తేలిగ్గా, చివరిది కనిపించీ కనిపించకుండా.

లోతైనదాంట్లో నా వేలు పెట్టాను. “అత్తా, ఇగ ఎవరిని అడగాలె?” అన్నాను. గోడ గట్టిగా, చల్లగా ఉంది.