తెర ఇవతలి కమలాక్షమ్మ

2018వ సంవత్సరం, జూన్ ఇరవై ఆరు, మంగళవారం. ఏరువాక పున్నమి ఇంక రెండు దినాలే ఉన్నా ఆళ్లగడ్డలో చినుకు లేదు. మబ్బు కమ్మింది గాని కురవలేదు. పడమటి గాలి మాత్రం పొద్దుటినుంచీ వీస్తూనే ఉంది. శిల్పి వీరాచారి కొట్టంలోని రాతిపొడిని లేపి, మూలనున్న నులకమంచం మీద కుమ్మరిస్తోంది. ఆ మంచం మీద కూర్చొని, ముక్కుకు తువ్వాలు చుట్టుకొని, స్నేహితుడు నంద్యాల అబ్దుల్ రహిమాన్ తన ఫోనులో కలకత్తాకు రైలు టికెట్లు వెతుకుతున్నాడు.

"గట్టిగా ఒక తేదీ చెప్పు వీరన్నా. అక్టోబరు ఐదా, ఇరవై నాలుగా?"

"ఇరవై నాలుగు" అన్నాడు వీరాచారి, ఉలి మొన మీదినుంచి చూపు తిప్పకుండా.

పక్కన అమ్మవారి చెక్కిలిని సానరాతితో రుద్దుతున్న కమలాక్షమ్మ చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ చెంబుతో నీళ్లు పోసుకొని రుద్దసాగింది.

కమలాక్షమ్మ వీరాచారి భార్య. పుట్టిల్లు బేతంచెర్ల, తండ్రి నాపరాళ్లకు నునుపు పట్టే పనివాడు. 'కమలముల వంటి అక్షులు గలది' అని ఆ పేరుకు విగ్రహవాక్యం. బహువ్రీహికి బడిలో చెప్పే ఉదాహరణలలో ఇంత చక్కనిది అరుదు. పేరు పెట్టినవారు సమాసం చూసి పెట్టారో, అవ్వ పేరని పెట్టారో తెలియదు గాని, ఆమె కండ్లు నిజంగానే పెద్దవి. రాతిపొడి పడీ పడీ సదా ఎర్రగా ఉండేవి. పందొమ్మిదో ఏట ఈ ఇంటికి వచ్చినప్పుడే, కోడలి చేతి పనితనం కనిపెట్టి, అత్త ఆమెకు సానరాయి అందించింది. నాటినుంచి ముప్పై రెండేండ్లుగా వీరాచారి చెక్కిన ప్రతి ముఖమూ ఆమె అరచేతి కిందనే నునుపు దేరింది. ముక్కుదూలం ఎక్కడ గరుకుగా ఉందో అతని కంటికంటె ఆమె వేలికే ముందు తెలిసేది.

అయితే ఆ ముఖాలకు చూపు రావడం ఆమె ఏనాడూ చూడలేదు. కండ్లను చివరిదాకా తెరవకుండా ఉంచి, ప్రతిష్ఠనాడు, గుడిలో, తెర కట్టించుకొని, శిల్పి ఒక్కడే లోపల కూర్చొని తెరవాలన్నది ఆ ఇంటి ఆచారం. దేవతకు ఎదురుగా అద్దం పెడతారు. తొలి చూపు ఆ అద్దంలోనే పడాలి. ఇతరులెవ్వరూ లోపలికి రాకూడదు. కమలాక్షమ్మ తెర ఇవతల, కుంకుమ తట్ట పట్టుకొన్న ఆడవాళ్లలో ఒకతెగా నిలబడేది. తెర తీసేసరికి పని అయిపోయి ఉండేది.

అటువంటి మనిషికి కలకత్తా సంగతి చెప్పినవాడు రహిమానే. బేతంచెర్ల బండలు లారీకెత్తుకొని అతడు ఇరవై ఏండ్లు దేశమంతా తిరిగాడు. ఒకసారి కలకత్తాలో దించవలసిన సరుకు ఆలస్యమై, రెండు దినాలు ఊరు చూశాడు. ఒక సందులో బారులు బారులుగా మట్టి దుర్గమ్మలట. దసరాకు ముందరి అమావాస్యనాడు కుంచెతో కండ్లు గీస్తారట. "తెర లేదు, గిర లేదు వదినా! టీ తాగేవాళ్లు టీ తాగుతాండారు, చిన్నపిల్లోళ్లు సందుల్లో దూరి చూస్తాండారు. ముసలాయన ఒకడు గీసినాడు చూడు, ఆ తల్లి నన్నే చూసినట్ల్యాయ. లారీ కాడికి పోయినా చూస్తాండాదేమో అనిపించ్చె" అని నవ్వాడు. కమలాక్షమ్మ నవ్వలేదు. "అందరినీ చూడనిస్తారా?" అని ఒక్కమాట అడిగింది.

ఆ మాట అడిగి పదేండ్లయింది. 'పోతాం' అని వీరాచారి పదేండ్లూ అంటూనే ఉన్నాడు. మన భాషలో రేపు చేయబోయే పనికీ, ఎప్పుడూ చేసే పనికీ క్రియ ఒకటే కావడం ఒక సౌకర్యం. 'పోతాం' అన్నవాడిని ఏనాడు అని నిలదీయడానికి వ్యాకరణం ఒప్పుకోదు. ఎట్టకేలకు ఆ జూన్ నెలలో కదలిక వచ్చింది. రహిమాన్ భార్య హుస్సేన్‌బీ పూనుకొని, నలుగురం కలిసి పోదామని పట్టుబట్టింది. నంద్యాలలో ఎక్కితే తిన్నగా హౌరాలోనే దిగవచ్చు. మూడు దినాలు ఊరు చూడటం, తిరిగి రావడం. కమలాక్షమ్మ పాత క్యాలెండరు వెనుక తన గుండ్రటి అక్షరాలతో జాబితా రాసింది: జొన్నరొట్టెలు, శెనగపొడి, మోకాలి నూనె, వంతెన, ట్రాము, కాళికాదేవి. అన్నిటికంటె పైన, పెద్ద అక్షరాలతో, 'కండ్లు'.

"అమావాస్య ఎనిమిదో తేదీ గదా సుష్మ నాయనా" అంది ఆమె ఇప్పుడు, మెల్లగా. కూతురు సుష్మ పుట్టినప్పటినుంచీ భర్తను అట్లాగే పిలిచేది. "ఐదున పోతేనే గదా అందేది?"

"ఐదున యాడ పోతావు? దొర్నిపాడు గుడి అమ్మవారు విజయదశమికి నిలబడల్ల, దానికి ముందర పక్షం దినాలు నేను యాడికీ కదిలేదానికి ల్యా. కండ్లు నువ్వు తెరుస్తావా పోయి?"

"నేనేడ తెరుస్తా! నన్ను చూడనిస్తేగదా."

రహిమాన్ కిసుక్కున నవ్వాడు. వీరాచారికి రోషం వచ్చింది.

"ఏమ్మే, దానికి అంత తొందరేంది? పండగైనాక పోతే జనం ఉండరు. ఒక్కో బొమ్మ ముందర నిలబడి నింపాదిగా చూడొచ్చు. కండ్లు గీసేటప్పుడు చూస్తే ఏంది, గీసినాక చూస్తే ఏంది? బొమ్మలు యాడికి పోతాయి?"

"అది గూడా నిజమే" అన్నాడు రహిమాన్. పండుగకు ముందే సరుకు దించి తిరిగి వచ్చినవాడు. పండుగ తరువాత ఏమవుతుందో అతడూ చూడలేదు. వినాయకుణ్ణి ఏటేటా చెరువులో కలిపే ఊరివాళ్లే ముగ్గురూ. అయినా చవితి వినాయకుడు వేరు, అమ్మవారు వేరు. ఆళ్లగడ్డలో అమ్మవారంటే రాయి. ఒకసారి నిలబెడితే వెయ్యేండ్లు నిలవాలని చెక్కే చేతికి, అంతటి దేవతను పది దినాలకోసం చేస్తారన్న ఊహే రాలేదు. ఇరవై నాలుగుకే టికెట్లు తీసుకొన్నారు.

దసరానాడు దొర్నిపాడులో తెర కట్టారు. వీరాచారి లోపల ఉన్నాడు. బయట ఊరి పెద్ద చెన్నమ్మ, కమలాక్షమ్మ చేతికి తాంబూలమిస్తూ, గొంతు తగ్గించకుండానే అంది: "మేము కార్తీకానికైనా సరే అంటిమమ్మా. మీ ఆయనే దసరాకే పెట్టుకోండి, జనం బాగా వస్తారు అన్నె. నిజమే, చూడు ఎంతమంది వచ్చినారో!"

ఆ మాట తెర దాటి లోపలికి వచ్చింది. వీరాచారి చేతిలో ఉలి ఉంది, ఎదుట అద్దం ఉంది. అద్దంలో ఇంకా చూపులేని అమ్మవారి ముఖమూ, ఆ వెనుక తన ముఖమూ కనిపించాయి. నాలుగు ఊళ్ల జనం ముందర శాలువా కప్పించుకోవాలన్న చిన్న ఆశ. దానికోసం ఆమెను ఒక్కమాట అడగలేదు. తెర తీసిన తరువాత ఆమె ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆమె శాలువా మడతపెట్టి సంచిలో దాచింది, అంతే.

కలకత్తాలో అక్టోబరు ఇరవై ఆరున ఎండ కాస్తోంది. ఆ సందు దొరికింది. బారులు బారులుగా ఉన్నవి గడ్డి కట్టలు. తలల్లేని, చేతుల్లేని గడ్డి మొండేలు. కొన్నింటికి పచ్చి మట్టి పూసి ఉంది. దీపావళి కాళికాదేవి కోసం మొదలుపెట్టిన పనియట. దుర్గమ్మలేరని రహిమాన్ తన లారీ హిందీలో అడిగాడు. పనివాడు మట్టిచేతితో నదిని చూపించి, ముంచినట్టు సైగ చేసి, మళ్లీ గడ్డి కట్టడంలో మునిగిపోయాడు.

నలుగురూ గట్టు దిగారు. నీళ్లలో చట్రాలు తేలుతున్నాయి, గడ్డి తేలుతోంది, జరీ గుడ్డ ఒకటి కర్రకు చిక్కుకొని ఆడుతోంది. మెట్ల పక్కన బురదలో ఒక ముఖం వెల్లకిల పడి ఉంది. రంగు పోయింది. కండ్లున్న చోట రెండు నల్లటి చారలు చెక్కిళ్ల మీదికి జారి ఉన్నాయి. కమలాక్షమ్మ వంగింది. ముప్పై రెండేండ్ల అలవాటు కొద్దీ చేయి తనంతట తానే పోయి ఆ చెక్కిలిని నిమిరింది. నిమిరిన కొద్దీ మట్టి కరిగి ఆమె వేళ్లకు వచ్చింది. ఆమె చప్పున చేయి వెనక్కు తీసుకొని, వేళ్లను చూసుకొని, వీరాచారిని చూసింది.

"నాకు తెలీదు కమలా" అన్నాడు అతడు.

"నాకూ తెలీదులే" అంది. నీళ్లలో వేళ్లు కడుక్కొని, "ట్రాము ఎక్కుదాం పాండి, హుస్సేన్‌బీ కాళ్లు నొప్పంటాండాది" అంది.

ట్రాము ఎక్కారు. వంతెన చూశారు. తిరిగి వచ్చే రైలులో వీరాచారి, వచ్చే ఏడు తప్పకుండా పోతామన్నాడు. వచ్చే ఏడు అహోబిలం దారిలో ఒక గుడి పని వచ్చింది. ఆ తరువాతి రెండేండ్లు కరోనా మింగింది. ఆపై ఏడు వీరాచారి కుడిచేతికి వణుకు పట్టింది. నంద్యాల డాక్టరు మందులిచ్చాడు గాని, వణుకు తగ్గలేదు. కొట్టంలో జానెడెత్తు అమ్మవారొకటి, నునుపు పట్టి, కండ్లు మాత్రం తెరవకుండా, గోనెపట్ట కింద మిగిలిపోయింది.

తెర వెనుక ఆమెను కూర్చోబెట్టుకొని ఉంటే ఏమయ్యేదని అతడు అప్పుడప్పుడూ తనను తాను ప్రశ్నించుకొనేవాడు. తాత కాలంనాటి ఆచారం. ఎందుకని తాతను ఎవరూ అడగలేదు, తననూ ఎవరూ అడగలేదు. అడగవలసిన మనిషి "నన్ను చూడనిస్తేగదా" అని ఒకే ఒక్కసారి అంది. దాన్ని అతడు దెప్పిపొడుపుగా మాత్రమే విన్నాడు.

2024లో రహిమాన్ దంపతులు మళ్లీ కలకత్తా బయలుదేరారు, ఈసారి అమావాస్యకు. "నువ్వు పో" అన్నాడు వీరాచారి. "నువ్వో?" అంటే, చేయి చూపించి, "చూసి ఏం చేసేది?" అన్నాడు. ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. ఆమె తిరిగి వచ్చిన మూడో దినం, ఆమె ముగ్గు వేస్తుండగానే, తపాలావాడు ఈ ఉత్తరం వీరాచారి చేతికిచ్చి పోయాడు.

*

కలకత్తా, 2–10–2024, అమావాస్య

సుష్మ నాయనకు, కమల రాసేది.

ఫోనులో చెప్తే ఊ అని పెట్టేస్తావు. అందుకని రాస్తాండా. హుస్సేన్‌బీ నవ్వుతాండాది, ఈ జాబుకంటే ముందు మనమే ఇల్లు చేరుతాం వదినా అని. చేరినా నోటితో నేను చెప్పలేను.

ఈ పొద్దు చూసినా. మనకంటే పెద్దాయన, పండ్లు గూడా లేవు. స్టూలెక్కి కూర్చొన్యాడు. రహిమానప్ప చెప్పినట్ల తెర లేదు. నేను బాగా దగ్గరికి పోతి. ఎవరూ పో అనలేదు. ముందు నుదుటి కన్ను గీసినాడు. మిగతా రెండు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టినాడు. ఆయప్ప భుజం కదలకుండా నిలిచిపోతే నాకు తెలిసె. నువ్వు గూడా అట్లనే బిగబడతావు గదా? తెర అవతల ఉలి చప్పుడు ఉన్నట్టుండి ఆగేది. ప్రతిసారీ ఆగేది. లోపల ఏమయ్యిందో అని నేను భయపడేదాన్ని. ముప్పై ఏండ్లు అట్లా భయపడినా. ఊపిరి బిగబట్టడమే అని ఈ పొద్దు తెలిసింది.

ఈమె ఇంటాయన ఏం పని చేస్తాడని ఆడి పనివాళ్లు రహిమానప్పను అడిగిరంట. ఇదే పని, రాతిలో అని చెప్పినాడు. అయితే ఈమె దినామూ చూసేదే గదా అన్నారంట. నేను తల ఊపితిని. అబద్ధమాడినా. నీకు చిన్నతనం కాకూడదని ఆడినా.

కోపంతో రాసేది కాదు ఇది. కండ్లు వచ్చినంక చుట్టూ ఉన్నోళ్లు పక్కవాళ్లను పట్టుకొని చూడు చూడు అంటాండారు. నేను గూడా పక్కకు తిరిగితి. నువ్వు లేవు. ఎవరో తెలియనామె ఉండె. ఆమెకే చెప్తి, మా ఆయన రాయిలో ఇంకా బాగా తెరుస్తాడని. ఆమెకు తెలుగు రాదు.

ఆ గోనెపట్ట కింద ఉండే అమ్మవారిని ఎవరికీ ఇవ్వొద్దు. తెరవమని నిన్ను అడగను. అట్లనే ఉండనీ. కొట్టంలో దుమ్ము పడతాంటాది, వారానికొకసారి ముఖం తుడుస్తా. నువ్వూ వచ్చి పక్కన కూర్చో.

మాత్రలు రెండుపూటలా వేసుకో.

కమల