చిన్నబ్బ ఎక్కిన తపస్సు మాను

పొద్దున్నే పంచాయతీ నీళ్ల ట్యాంకు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడే మా ఊరి ఆడవాళ్లకు చాలా ఏళ్లుగా ఒక అలవాటు ఉండేది. ట్యాంకు ఇనుప నిచ్చెన మీద చిన్నబ్బ గొంతు వినబడితే చాలు, తెల్లవారిందని చీపురు పట్టుకునేవాళ్లు. అతను కింది మెట్టు మీద పాట ఎత్తుకుంటాడు. పాడుతూనే పైదాకా ఎక్కుతాడు. పాడుతూనే దిగుతాడు.

“ఏమబ్బా, పైన శివుడు కనపడినాడా?” అని ఎవరో ఒకామె అడిగేది.

“యాడక్కా! వాటర్‌మ్యానే కనపడినాడు. నీళ్లు ఇడస్తాడంట, బిందె పెట్టుకో.”

చిన్నబ్బ బతుకుతెరువు ఆటో. వడమాలపేటకూ పుత్తూరుకూ మధ్య తిప్పుతాడు. ముసలివాళ్లు ఆసుపత్రికని ఎక్కితే వాకిట్లో దించేసి వచ్చేయడు. చెయ్యి పట్టుకుని లోపలిదాకా నడిపించి, బెంచీ మీద కూర్చోబెట్టి వస్తాడు. ఈ మాట ముందే రాస్తున్నాను. తర్వాతది చదివి అతన్ని చెడ్డవాడని అనుకోకూడదు.

ట్యాంకు ఎక్కి పాడటం ఎందుకో చెప్పాలి. మా ధర్మరాజుల గుడిలో ఏటా ఎండాకాలం భారతం జరుగుతుంది. హరికథలు, వీధి నాటకాలు అన్నీ ఉంటాయి కానీ జనం ఎక్కువగా వచ్చేది అర్జున తపస్సు రోజు. ఊరి బయట మైదానంలో నిలువెత్తు కంటే ఎంతో పొడవైన మాను నాటి, పొడుగునా మెట్లు దిగ్గొట్టి, పైన చిన్న పలక కడతారు. పట్టపగలు అర్జునుడి వేషం వేసినాయన ఆ మాను ఎక్కుతాడు. ప్రతి మెట్టు మీదా శివుణ్ణి పిలిచే పాట పాడాలి, జోలెలోని నిమ్మకాయలు కిందికి విసరాలి. కింద, బిడ్డల్లేని ఆడవాళ్లు తలమీద నీళ్లు పోసుకుని తడిచీరలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. పక్కన పడిన నిమ్మకాయను కొంగులో కట్టుకుంటారు. ఇంటికి పోయి, దేవుడి ముందు పెట్టి, భార్యాభర్తలు చెరిసగం తింటారు. పాట అయ్యేదాకా వాళ్లు లేవరు. పాట అయ్యేదాకా అతను దిగడు.

ఎక్కుతూ పాడటం కూర్చుని పాడటం లాంటిది కాదు. ఈ సంగతి చిన్నబ్బకు నేర్పింది గోవిందయ్య వాద్యారు. నాటకం నేర్పే గురువును మా వైపు వాద్యారనే అంటారు. ఆయన తన కాలంలో అర్జునుడి వేషం వేసినాయనే. మోకాళ్లు అరిగిపోయాక ఆ వేషం చిన్నబ్బకు అప్పజెప్పాడు.

“గొంతు దేవుడిచ్చినాడు, దానికి నువ్వు గొప్పలు పోయేదానికి లేదు,” అనేవాడు. “ఊపిరి మాత్రం నువ్వే సంపాదించుకోవల్ల. అది ఏ పొద్దుకు ఆ పొద్దు సంపాదించాల్సిందే. నిన్నటిది ఈ పొద్దుకు పనికిరాదు నాయనా.”

వాద్యారు ఇల్లు ట్యాంకు పక్కనే. చిన్నబ్బ దిగే వేళకు ఆయన భార్య నాగులమ్మ ప్రహరీ గోడ మీద ఇత్తడి చెంబు పెట్టి ఉండేది. అందులో మిరియాలూ జీలకర్రా వేసి కాచిన నీళ్లు. పెట్టినట్టు చెప్పేది కాదు. తాగినావా అని అడిగేది కాదు. అతను తాగి, చెంబు బోర్లించి, ఆటో తీసుకుని పోయేవాడు.

పోయినేడు తపస్సు రోజు చిన్నబ్బ పాడుతుంటే ఎవరో ఫోన్లో తీసి అందరికీ పంపారు. మొదటి నాలుగు మెట్ల పాటే ఉంది అందులో. అది తిరుపతి దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఆటో ఎక్కినవాళ్లు మొహం చూసి, “అర్జునుడు నువ్వేనాప్పా?” అని పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లు. ఆ సంతోషంలో ఉండగానే, వానలు మొదలయ్యే ముందు వాద్యారు కన్నుమూశాడు.

కర్మలు అయ్యేదాకా పాడకూడదు కదా అని చిన్నబ్బ ట్యాంకు ఎక్కలేదు. తర్వాత వానకు మెట్లు జారుతాయన్నాడు. తర్వాత జలుబు చేసింది. తర్వాత రేపటినుంచి అన్నాడు. పొద్దున్నే లేవమని అదిలించే వాద్యారు లేడు, ఆటో తనదే, అడిగేవాడు లేడు. పక్కమీద పడుకునే ఫోన్లో తన పాట తానే వినేవాడు. వింటుంటే ఆ రోజుకు సాధకం అయిపోయినట్టే ఉండేది. గొంతు అక్కడే ఉండాది, యాడికి పోతుంది అనుకునేవాడు.

నాగులమ్మ మాత్రం రోజూ చెంబు పెట్టేది.

అది గోడమీద చల్లారిపోయేది. ఎండెక్కాక తీసి తులసి మొక్కకు పోసేది. చిన్నబ్బకు ఈ సంగతి తెలుసు. తెలిసే, ట్యాంకు వీధిన పోకుండా వెనక సందులోంచి ఆటో తీసేవాడు. ఒకరోజు సందు మొదట్లో ఆమే ఎదురైంది. “ఈ దారిన గుంతలు ఉండాయి, సూసి పో నాయనా,” అంది. ఆ రోజంతా అతని తల పైకి లేవలేదని అతనే తర్వాత చెప్పుకున్నాడు.

భారతం దగ్గర పడింది. చిన్నబ్బ చీకటితో లేచి ట్యాంకు ఎక్కి చూశాడు. సగం కూడా పోకముందే ఊపిరి అందలేదు. నిచ్చెన పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. పాట గుర్తుంది, రాగం గుర్తుంది, లోపలి గాలి మాత్రం లేదు. మర్నాడూ అంతే. ఆ మధ్యాహ్నమే మా వీధి లోహిత అతని ఆటో ఎక్కింది. ఆమెకు పెళ్లయి చాలా ఏళ్లయింది.

“అన్నా, ఈ ఏడు నేనూ మాను కింద పడుకుంటా. మా ఆయన కూడా సరే అన్నాడు,” అంది. దిగేటప్పుడు మళ్లీ, “గట్టిగా పాడన్నా,” అంది.

అప్పుడైనా గుడి పెద్దల దగ్గరికి పోయి నావల్ల కాదని చెప్పి ఉండవచ్చు. ఆ మాట నోట రాలేదు. నేరుగా మైకుసెట్టు జానీ బాషా అంగడికి పోయాడు.

“బాషా, పోయినేటి పాట నీ కాడ ఉండాదా?”

“మొత్తం ఉండాది. మైకులో పడిందంతా పెట్టుకున్నా. ఎందుకప్పా?”

తను మాను ఎక్కుతుంటే ఆ రికార్డు పెట్టాలని చిన్నబ్బ చెప్పాడు. జానీ బాషా చేతిలోని వైరు కింద పెట్టాడు.

“పొద్దున లేవలేక నేను నమాజును ఫోన్లో పెట్టి పండుకుంటే అల్లా ఒప్పుకుంటాడా సిన్నబ్బా?”

“నా గొంతే గదా బాషా. వేరేవాళ్లదేం కాదే.”

“నీదే. కాదనలే.” కింద పెట్టిన వైరు మళ్లీ చేతికి తీసుకున్నాడు. “ఈ ఒక్క ఏడే. మళ్లీ అడిగితే నీ ఆటోకు నా స్పీకరు కట్టి, ఈ సంగతి ఊరంతా చెప్పుకుంటా తిరుగుతా.”

వాళ్లిద్దరూ రికార్డు పెట్టి మొదటి మెట్లు విన్నారు. బాగుంది. మిగిలింది వినలేదు. హార్మోనియం వాయించే పొరుగూరి ఆయన చెవిన కూడా వేశారు. ఆయన సరేనని తల ఊపాడు.

తపస్సు రోజు ఎండ మండుతోంది. ఆడవాళ్లు బోరు దగ్గర స్నానాలు చేసి వచ్చి మాను చుట్టూ సాగిలపడ్డారు. లోహిత మానుకు దగ్గరగానే ఉంది. నాగులమ్మ హార్మోనియం పక్కన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆమె ముందు చెంబు. పక్కన వాద్యారు కూర్చునే చోటును ఎవరూ ఆక్రమించలేదు. చెప్పకుండానే ఆ చాపముక్క ఖాళీగా వదిలారు.

చిన్నబ్బ మానుకు మొక్కి ఎక్కడం మొదలుపెట్టాడు. స్పీకర్లలో అతని గొంతే ఖంగున మోగింది. అతను పెదవులు కదిపాడు. మెట్టు మెట్టుకూ నిమ్మకాయలు వేశాడు. ఒకటి లోహిత మోచేతి దగ్గర పడింది. ఆమె తలెత్తకుండానే తడుముకుని కొంగులో కట్టుకుంది. “ఏం గొంతబ్బా, పోయినేటి మాదిరే ఉండాది!” అన్నారు జనంలో ఎవరో.

సగం పైకి పోయాక రికార్డులో పాట ఆగింది. పోయినేడు అక్కడ అతను ఊపిరి అందక ఆగాడు. అది అతనికి గుర్తుంది. అప్పుడు కిందినుంచి వాద్యారు తలెత్తి ఏదో ధైర్యం చెప్పాడు, అదీ గుర్తుంది. ఆ మాట తన చెవిన మాత్రమే పడిందనుకున్నాడు. వాద్యారు ముందు మద్దెలకు పెట్టిన మైకు ఉందన్నది అతనికి తట్టలేదు.

“నిలబడు నాయనా, నిలబడు,” అంది స్పీకరు. “తొందర లేదు. ఊపిరి తీసుకో. నేనీడనే ఉండాను.”

అది వాద్యారు గొంతు. ఆ గొంతు తెలియనివాళ్లు మా ఊళ్లో లేరు. నాగులమ్మ లేచి నిలబడింది. ఖాళీ చాపముక్క వైపు చూసింది. తర్వాత మెల్లగా తల పైకెత్తి, మాను మీద నోరు తెరుచుకుని ఆగిపోయిన చిన్నబ్బను చూసింది. జానీ బాషా మిషను ఆపేశాడు.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని చిన్నబ్బ ఇప్పటికీ అంటాడు. ఎవరూ తిట్టలేదు. సాగిలపడ్డ ఆడవాళ్లు తలలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. లేవడానికి లేదు వాళ్లకు. దిగడానికి లేదు అతనికి. ఎండకు చీరలు ఆరిపోతున్నాయి.

చిన్నబ్బ మాను కరుచుకుని ఏడ్చాడు. వేషానికి వేసిన రంగు కారి మెడమీదికి వచ్చింది. తర్వాత పాట ఎత్తుకున్నాడు. మైకు లేదు. గొంతు బొంగురుగా, మధ్యమధ్య తెగుతూ వచ్చింది. ఒక చరణానికి ఊపిరి చాలక మాట మింగేశాడు. మళ్లీ వెనక్కి పోయి ఆ మాట పాడాడు. ఒక మెట్టు ఎక్కడం, నిలబడి రొప్పడం, పాడటం. చాలాసేపు పట్టింది. జనంలోని ఆడవాళ్లు బోరు నుంచి బిందెలు మోసుకొచ్చి, సాగిలపడ్డవాళ్ల వీపుల మీద నీళ్లు పోస్తూ వచ్చారు. పొయ్యమని ఎవరూ చెప్పలేదు.

నాగులమ్మ చెంబు పట్టుకుని మాను దగ్గరికి నడిచింది. జోలె ఖాళీ అయితే నిమ్మకాయలు పైకి అందించేదానికి వేలాడదీసిన తాడుకు చెంబు కట్టింది. చిన్నబ్బ పైకి లాక్కున్నాడు. మిరియాల నీళ్లు చల్లారిపోయి ఉన్నాయి. తాగి, మిగిలిన మెట్లు పాడాడు. పలక మీద నిలబడి చివరి పాట పాడేటప్పుడు వినబడాలని జనం చెవులు రిక్కించాల్సి వచ్చింది.

దిగి వచ్చి నాగులమ్మ కాళ్లమీద పడ్డాడు. ఆమె వంగి లేపింది.

“అమ్మా, తిట్టు.”

“ఇన్నాళ్లకు ఆయన గొంతు ఇన్నా నాయనా,” అంది ఆమె. కళ్లు తుడుచుకుని, “నువ్వు సేసింది మాత్రం బాగలేదు,” అంది.

ఆ మాటతో అయిపోయిందనుకున్నాడు. లోహిత తడి కొంగు విప్పుతూ దగ్గరికి వచ్చింది. ఆమె కోపంగా లేదు. అందుకే అతను తలెత్తలేకపోయాడు.

“అన్నా, నా నిమ్మకాయ ముందే పడింది. నువ్వు పాడకముందు. ఇది తినొచ్చునా?”

చిన్నబ్బ గుడి పెద్దల వైపు చూశాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి చిన్నబ్బే చెయ్యి చాచాడు.

“ఇటియ్యమ్మా. రేప్పొద్దున రా. నీకు ఇబ్బంది లేకపోతేనే.”

భారతం ముగిసేదాకా మాను అక్కడే ఉంటుంది. మర్నాడు తెల్లవారేసరికి లోహిత భర్తతో వచ్చింది. స్నానం చేసి తడిచీరతో ఒక్కతే మాను కింద సాగిలపడింది. వేషం లేదు, హార్మోనియం లేదు. జానీ బాషా మాత్రం ఉత్త చేతులతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. చిన్నబ్బ ఆ ఒక్క నిమ్మకాయ చొక్కా జేబులో పెట్టుకుని ఎక్కాడు. నిన్నటికంటే గొంతు ఇంకా పాడైపోయి ఉంది. అయినా మొదటి మెట్టునుంచి పై పలకదాకా ఏ మాటా వదలకుండా పాడి, నిమ్మకాయ వదిలాడు. లోహిత దాన్ని రెండు చేతులతో అందుకుంది.

స్వామి ఆ పాటను ఒప్పుకున్నాడో లేదో నాబోటివాళ్లం చెప్పలేం. లోహితకు ఇంకా కడుపు పండలేదు. ఆమె ఎప్పటిలాగే “బాగుండావా అన్నా” అని పలకరిస్తుంది. చిన్నబ్బ మాత్రం మునుపటిలాగా ఆమె కళ్లలోకి చూడలేడు. వచ్చే ఏడు వేషానికి వేరేవాళ్లను చూసుకోమని గుడి పెద్దలకు తనే చెప్పుకున్నాడు. వాళ్లు ఏ సంగతీ తేల్చలేదు.

పొద్దున మాత్రం ట్యాంకు మెట్ల మీద మళ్లీ పాట వినబడుతోంది. దిగాక చెంబు దగ్గర అతను చేతులు కట్టుకుని కాసేపు నిలబడతాడు, తీసుకునే అర్హత ఉందా అన్నట్టు. నిన్న నాగులమ్మ లోపలినుంచే కేక వేసింది.

“ఏంది సూస్తా ఉండావు? తాగు, సల్లారిపోతాయి.”