పెరటి మీద గద్ద

వెల్డరుకు ఒకచోట కూర్చోవడమంటే ఒంటికి పడదు. అలాంటి మనిషి పనిలో నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో అత్తగారింట్లో మకాం వేయాల్సివచ్చింది. భార్య ఆస్పత్రిలో నర్సు. పొద్దున వెళితే మళ్లీ చీకటి పడే వేళకే రావడం. పగలంతా ఇంట్లో మిగిలేది అతనూ, అత్తగారూ, పెరట్లో ఆవిడ కోళ్లూ.

అత్తగారు పొరపాటున కూడా మర్యాద తప్పేది కాదు. ఆ మర్యాదే అతనికి ముల్లులా గుచ్చుకునేది.

"అల్లుడుగారు ఎలాగూ కూర్చునే ఉన్నారుగా, కోళ్లను కాస్త కనిపెట్టుకుని ఉంటారు" అని పెరటి గుమ్మంలో కుర్చీ వేసింది.

ఒకనాడు ఆవిడ వీధివైపు బట్టలు ఆరేస్తుంటే ఇతనికి కునుకు పట్టింది. ఒక్కసారిగా కోళ్ల గోల. కళ్లు తెరిచేసరికి నల్లపెట్ట పిల్లల్లో ఒకదాన్ని గద్ద తన్నుకుపోతోంది. లేవబోయాడు, చేతికర్ర అందక మళ్లీ కూలబడ్డాడు.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "చూశారా?"

"చూశానండీ..."

"అదీ మిమ్మల్ని చూసే వచ్చి ఉంటుంది లెండి."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడే తన పాత పని బట్టల్లో గడ్డి కుక్కి, పైన వెల్డింగు ముసుగు తగిలించి దిష్టిబొమ్మను నిలబెట్టాడు. సాయంత్రం కాకుండానే గోడ అవతలి టైలరమ్మ నవ్వు ఆపుకోలేక కేకేసింది. "ఏమండోయ్, మీ గద్దకు మంచి కుర్చీ దొరికిందండీ!" నిజమే. అది వచ్చి ముసుగు మీద తీరుబడిగా కూర్చుంది.

పంతం పెరిగింది. తను పనిచేసే షెడ్డు నుంచి ఇనుప ఊచలు, వల తెప్పించి, పీట మీద కూర్చునే పెద్ద బోను కట్టాడు. అతుకు కూడా కనిపించనంత నాణ్యమైన పని. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అత్తగారు మాత్రం మాట్లాడకుండా కోళ్లను లోపలికి తోలింది.

వారం తిరక్కుండానే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుని ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాయి. గుడ్లు తగ్గాయి. నల్లపెట్ట ఊచల మధ్య నుంచి మెడ చాచి, అందని మట్టి వంక అదే పనిగా చూసేది. చాలాసేపు దాన్ని చూశాడు వెల్డరు. తర్వాత కుంటుకుంటూ వెళ్లి బోను తలుపు తీసేశాడు.

"తప్పు చేశానండీ. వీటిని తిరగనివ్వాలి. ఇంకో దారి చూస్తాను."

ఆవిడ అతని వంక వింతగా చూసింది. "నేనే చెబుదామనుకున్నా. అంత కష్టపడి కట్టారని నోరు రాలేదు."

ఆ రోజు నుంచి అతను పగలు కునుకు తీయకుండా గమనించాడు. గద్ద వీధి మూల దీపస్తంభం మీద కూర్చుంటుంది. కోళ్లు పెరటి నడిమికి వచ్చేదాకా ఓపిగ్గా చూస్తుంది. గోడ వార విరిగిన మంచం దగ్గర తిరిగే కోళ్ల జోలికి మాత్రం రాదు. అవి దూరడానికి మంచం ఉంది. నడిమిలో దాక్కోవడానికి ఏమీ లేదు.

"మనం గింజలు చల్లేదీ అక్కడేనండీ" అన్నాడు.

"అయ్యో, దాని నోటికి నేనే అందిస్తున్నానన్నమాట!" అని ఆవిడ నుదురు కొట్టుకుంది.

బోను కోసేశాడు. ఆ ఊచలతోనే పొట్టి కాళ్లు చేసి, పైన రేకు ముక్కలు అతికి, చిన్న చిన్న పందిళ్లు కట్టాడు. కోళ్లు ఎక్కడున్నా నాలుగు అంగల్లో దూరగలిగేలా వాటిని పెరడంతా అమర్చాడు. ఊచలు పట్టుకునే పని అత్తగారిది.

"కళ్లు పక్కకు తిప్పుకోండి అత్తయ్యగారూ, నిప్పురవ్వలు."

"పొద్దుటి నుంచీ తిప్పుకుంటూనే ఉన్నా, మెడ పట్టేసింది. ఆ ముసుగేదో నాకూ ఒకటి ఇవ్వండి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

ఆవిడ మధ్యమధ్య గుబురు మొక్కలు నాటింది. గింజలు గోడ వారకు మారాయి. గోడకూ చెట్టుకూ మధ్య తాళ్లు అడ్డదిడ్డంగా కట్టి, టైలరమ్మ ఇచ్చిన తళుకు గుడ్డ పీలికలు వేలాడదీశారు.

గద్ద మళ్లీ వచ్చింది. పుంజు గొంతు చించుకుని అరిచింది. కళ్లు మూసి తెరిచేలోగా పెరడు ఖాళీ. నల్లపెట్ట పిల్లలతో సహా రేకు కింద నక్కింది. దూసుకొచ్చిన గద్ద తాళ్లు చూసి రెక్కలు విదిల్చి పక్కకు తిరిగింది. ఎక్కడి నుంచో వచ్చిన కాకులు దాని వెంటపడి తరిమాయి. గద్ద ఒట్టి గోళ్లతోనే పోయింది.

"పోయింది! పోయిందండీ!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత నష్టమే లేదని కాదు. పెరటి వెనక కంచె సందులోంచి బయటికి పోయిన ఒక కోడిపిల్ల గద్ద పాలైంది. వెల్డరు రోజంతా ముఖం వేలాడేసుకున్నాడు. "ఇంటి కోళ్లకు కాపలా కాయగలం కానీ ఊరంతటికీ రేకులు వేస్తామా?" అని ఆవిడే సర్దిచెప్పి, కంచె సందు పూడ్చడానికి కర్ర పుల్లలు తెచ్చి ముందు పెట్టింది.

పిండికట్టు విప్పి, అతను కాస్త కుంటుతూ పనిలో చేరేనాటికి టైలరమ్మ కూడా కోళ్లు తెచ్చుకుంది. సెలవు రోజున వచ్చి తన పెరడు చూడమని పిలిచింది. అతను టేపు పట్టుకు బయల్దేరితే అత్తగారు చెప్పులేసుకుని వెనకే వచ్చింది.

"ఎక్కడి నుంచి మొదలెడదాం?" అంది టైలరమ్మ.

వెల్డరు టేపు తియ్యలేదు. ఓ స్టూలు అడిగి, పెరటి మధ్యలో వేసుకుని కూర్చున్నాడు.

"కాసేపు ఆగండమ్మా. ముందు ఆ గద్ద ఎక్కడ వాలుతుందో చూద్దాం."